వీధి చెట్లకు ఎర్ర పట్టీ

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి దీవించి రాయునది. నేనూ మీ పిన్నీ కులాసా. బాగోలేనిది మన వాకిట్లో పెద్ద చెట్టుకే. మొన్న మీ చెట్ల శాఖవాళ్లు వచ్చి వీధిలో కొన్ని చెట్లకు ఎర్ర రంగు పట్టీలు వేసి పోయారు. మనదాన్ని వదిలేశారని సంబరపడ్డాను. నిన్న పొద్దున లేచి చూస్తే దానికీ ఉంది! ఎదురింటి టైలరు పెదవి విరిచాడు. "ఎరుపంటే కొట్టేస్తారన్నమాట" అన్నాడు. వాడి చెట్టుకు పట్టీ లేదు మరి, ఎన్నయినా అంటాడు.

కొట్టేస్తే నేనెక్కడ కూచోను? పని మానుకున్నాక నా కాలక్షేపమంతా ఆ నీడలోనే కదా. నలభై ఏళ్లు గోడలకు రంగులేసిన చేయి ఊరుకుంటుందా? బెరడు రంగు కలిపి మూడు కోటింగులు వేశాను. ఆ పట్టీ ఎక్కడుందో ఇప్పుడు చెట్టుకే తెలియదు. నువ్వు మాత్రం ఆఫీసులో నోరు మెదపకు.

మీ బాబాయి

తా.క.: నువ్విచ్చిన మొక్కను కర్రకు ఏడు చోట్ల బిగించాను. తుపానొచ్చినా అంగుళం కదలదు.

---

బాబాయికి నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎంత పని చేశావు బాబాయ్! మా శాఖలో ఎర్ర పట్టీ అంటే "గట్టి చెట్టు, జోలికి పోవద్దు" అని. గాలివానలు మొదలయ్యేలోపు పట్టీ లేనివాటినే కొట్టేస్తారు. సోమవారం మీ వీధికి రంపాలతో వస్తున్నారు. ఈ ఉత్తరం అందగానే పట్టీ మళ్లీ వెయ్యి, కాఫీ కూడా తర్వాతే.

నీ అమ్మాయి

తా.క.: మొక్కకు కట్టినవన్నీ విప్పెయ్యి. రెండు కట్లు చాలు, అవీ వదులుగా. గాలికి ఊగితేనే కాండం లావెక్కేది. చంక దించని పిల్లకు నడక ఎప్పుడొస్తుంది?

---

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పట్టీ వేశాను. ముందుదానికన్నా నున్నగా కుదిరింది. వేస్తుంటే టైలరు చూశాడు, సంగతి చెప్పక తప్పలేదు. "మరి నా చెట్టుకో?" అన్నాడు. వాడిది లోపలంతా డొల్ల, తడితే డోలులా మోగుతుంది. అయినా రోజూ మొహాలు చూసుకునేవాళ్లం, ఎలా కాదనను? వాడికి వేశాక పక్కింటి నర్సు గారు ఊరుకుంటారా? ఆవిడకు వేశాక మూలింటి డ్రైవరు? సాయంత్రానికి వీధిలో ఇరవై మూడు చెట్లకూ పట్టీలు పడ్డాయి. ఊపులో ఉండి కరెంటు స్తంభానికీ వేశాను.

మీ బాబాయి

తా.క.: మొక్కకూ వేశాను. పెన్సిలంతే ఉంది పాపం, ఒక్క గీతకే చుట్టూ వచ్చేసింది.

---

బాబాయికి నమస్కారాలు.

సోమవారం మీ వీధి చూసొచ్చిన మా ఆఫీసరు ముందు రెండు గ్లాసుల మంచినీళ్లు తాగారు. జాబితాలో గట్టి చెట్లు తొమ్మిది. వీధిలో ఇరవై మూడు, పైగా ఒక స్తంభం! "స్తంభాన్ని ఎవరు పరీక్ష చేశారు?" అని అందరినీ అడిగారు. నేను ఫైల్లో తల దూర్చాను.

టైలరు గారి చెట్టు ఆయన పడగ్గది మీదికే ఒరిగి ఉంది బాబాయ్. పడితే నీ మొహమాటం ఆపుతుందా? నాకు నిజంగా కోపం వచ్చింది.

ఇంకో మాట, నిలబడి చదవకు. ఆ తొమ్మిదిలో నీ చెట్టు లేదు. మావాళ్లు దానికసలు పట్టీ వేయలేదట! మొదలు చుట్టూ నువ్వు బలమని మోకాలెత్తున మట్టి పోశావు. ఆ తడికి లోపల కుళ్లిందని అనుమానపడి కొట్టేసేవాటిలో రాశారు. ఇప్పుడు ఏ పట్టీనీ నమ్మలేక గురువారం ఒక్కో చెట్టునూ తట్టి మళ్లీ చూస్తారు. ఈలోపు వేళ్ల మొదళ్లు కనబడేదాకా ఆ మట్టి తీసెయ్యి. ఇంతకీ మొదటి పట్టీ వేసిందెవరు?

నీ అమ్మాయి

తా.క.: స్తంభం మీది పట్టీ చెరపొద్దు. దాని ఆరోగ్యం గురించి కరెంటు ఆఫీసుకు ఉత్తరం వెళ్లింది.

---

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మట్టి తీశాను. బెరడు అప్పుడే మెత్తబడుతోంది. మీ ఆఫీసరు చెక్క సుత్తితో చుట్టూ తట్టి, చెవి పెట్టి విని, "గాలి తగిలితే ఆరిపోతుంది, ఉండనివ్వండి" అన్నారు. అందరి ముందూ ఏడ్చేశాను. సిగ్గు కూడా వేయలేదు.

టైలరు చెట్టు కొట్టేశారు. లోపల మనిషి నిలబడేంత ఖాళీ. వాడి చేతులు పట్టుకుని తప్పు ఒప్పుకున్నాను. ఆ చోట ఇద్దరం కలిసి కొత్త మొక్క నాటాం. మొదటి పట్టీ ఎవరు వేశారో తెలియలేదు. ఎవరో చేతకాని మనిషే. అంచులు వంకర, రంగు కిందికి కారింది కూడా.

మీ బాబాయి

తా.క.: ఆ చేతకాని మనిషిని నేనేనే అమ్మాయీ, మీ పిన్నిని. మన చెట్టునెందుకు వదిలేశారని మీవాళ్లను అడిగితే, పట్టీ లేనివి కొట్టేస్తామన్నారు. ఈయనకు చెబితే అన్నం ముట్టడు. చెట్టు పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని భయమేసింది. అందుకే ఈయన లేవకముందే ఈయన డబ్బాలో రంగే తీసి వేశాను. నేను నోరు తెరిచేసరికే చెరిపేసి, నీకు ఉత్తరం కూడా పడేశాడు. నువ్వు దారిలో పెడతావులే అని ఊరుకున్నాను. ఉత్తరం పోస్టు చేసేది నేనే గనుక ఈ ముక్క ఆయన చూడలేదు. నువ్వూ చెప్పకు. నాకు బ్రష్షు పట్టడం వచ్చని తెలిస్తే ప్రహరీ గోడంతా నాకే అప్పజెబుతాడు.