ఒంటిచేతి దొర పూర్వకథ

గద్వాల,
జూన్ 9.

ఉమేష్ గారికి,

'గారు' చూసి నవ్వుకోకు. నిన్ను 'రా' అని పిలవడానికి ఇప్పుడు నోరు రావడం లేదు. నీ నంబరు బ్లాకులో పెట్టాను. ఫోన్లో అయితే తిట్టేస్తాను, నువ్వు ఏదో జోకు వేస్తావు, నేను నవ్వుతాను, సంగతి అక్కడితో గాలికి పోతుంది. ఈసారి పోకూడదని కాగితం తీశాను.

నీ 'నిశిగడప' ఆట మూడో భాగం వచ్చిన రోజే ఫోన్లో వేసుకున్నాను. నా మోటార్ వైండింగ్ షాపుకు వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాను, ఈ ఆటలో రక్కసి దొరల కథలన్నీ మా దోస్తు రాసినవే అని. వాళ్లకు కాలిపోయిన బోరు మోటారు ఎప్పుడిస్తానన్నదే ముఖ్యం, అయినా వదల్లేదు. మొదటి భాగంలో బూడిద దొరను చంపాను. కరువులో జనానికి గింజ పెట్టకుండా సొంత గాదెలకు నిప్పంటించి రాక్షసుడైన రాజు, వాడికి కావలసిందే. రెండో భాగంలో అద్దాల దొరసానిని చంపాను. ముసలితనం రాకూడదని ఊరి పిల్లల వయసు తాగేసిన మనిషి, ఆమెకూ కావలసిందే. భలే రాశాడు మనవాడు అనుకున్నాను.

మూడో భాగంలో నీళ్లలో మునిగిన కోట వచ్చింది. సాయంత్రం నాయన మంచం పక్కన కూర్చొని ఆడుతున్నాను. ఊపిరితిత్తులు పాడయ్యాక ఆయన మంచం దిగడం లేదని నీకు తెలుసు. పొద్దుపోక ఆయనా నా ఫోన్లోకి చూస్తుంటాడు. కోట అడుగున ఒంటిచేతి దొర కూర్చొని ఉన్నాడు. వరదలో ఇద్దరు పిల్లల్ని మోయలేక ఒకరి చెయ్యి వదిలేసి, ఆ పాపానికి రాక్షసుడైన తండ్రి. వదిలిన చెయ్యి ఎండిపోయిందట. దాని పిడికిలి నిద్రలో కూడా తెరుచుకోదట.

ఆ పిడికిలి నాకు తెలుసు ఉమేష్. అది మా నాయనది. అలంపురంలో వరద వచ్చిననాటి నుంచి ఆయన అట్లాగే పిడికిలి బిగించి నిద్రపోతాడని నేను ఈ లోకంలో ఒక్కడికే చెప్పాను. ఇంటర్ పరీక్షలయ్యాక బీచుపల్లిలో కృష్ణ ఒడ్డున కూర్చొని నీకు చెప్పాను. పదేళ్లవాణ్ణి, ఒళ్లు కాలే జ్వరంతో ఆయన వీపు మీద ఉన్నాను, అక్క గజాలా చెయ్యి ఆయన చేతిలో ఉంది, ఆయన వదిలేశాడు. నువ్వూ ఏడ్చావు ఆ రోజు. ఏడుస్తూనే గుర్తుపెట్టుకున్నావన్నమాట.

అతణ్ణి చంపితే తప్ప ఆటలో ముందుకు దారి లేదు. 'ఎందుకు వదిలావు?' అని అడగాలి. అతడు పలకడు. కత్తి దూయాలి. చచ్చాక ఆ ఎండిన చెయ్యి మనకు ఆయుధంగా దొరుకుతుంది. ఎన్ని వేలమంది ఆడుతున్నారు దీన్ని? అంతమందీ రోజూ మా నాయనను చంపి, ఆయన చెయ్యి పట్టుకొని పోతున్నారు. నేనూ చంపాను. సగం తెలియక చంపాను. మిగతా సగం, మధ్యలో ఆపితే పక్కనున్న ఆయనకు అనుమానం వస్తుందని చంపాను.

ఆ కథ మార్చు. ఎట్లా మారుస్తావో నాకు తెలియదు, మార్చు.

ఇట్లు,
హైదర్

*

వనపర్తి,
జూన్ 17.

ప్రియమైన హైదర్,

పోస్టుమన్ ఇచ్చిన చోటనే, గడపలో నిలబడి చదివాను. రెండోసారి కూడా అక్కడే చదివాను. అమ్మ ఏమైందని అడిగితే ఉద్యోగం సంగతి అని అబద్ధం చెప్పాను.

ఏ దొరనైనా నేను ఒకే సూత్రం మీద రాస్తాను. పుట్టు రాక్షసుడు ఉండకూడదు. ప్రతి దొరా ఒకప్పుడు మనిషే, ఒక్క పని అతణ్ణి అటువైపు నెట్టి ఉండాలి. మూడో దొరకు ముందు వేరే కథ రాశాను, కట్టను శత్రువులకు అమ్ముకున్న రాజు అని. ఆఫీసులో మా పైన ఉండే శివకుమార్ చదివి ఇందులో ప్రాణం లేదన్నాడు. గడువు దగ్గర పడింది. అప్పుడు ఇది కలంలోంచి వచ్చేసింది. ఇతడు మీ నాయన ఖాసిం కాక కాదు, ఎవరో తండ్రి అని నాకు నేనే చెప్పుకున్నాను. పిడికిలి దగ్గరికి వచ్చేసరికి అది కూడా చెప్పుకోలేకపోయాను, అయినా కొట్టెయ్యలేదు. నిన్ను అడిగితే వద్దంటావని అడగలేదు.

నాకు సైకిల్ నేర్పింది కాక. గద్వాల కోట వెనక మైదానంలో సీటు పట్టుకొని పరుగెత్తేవాడు, వదిలేస్తున్నా వదిలేస్తున్నా అని అరుస్తూ వదలకుండా. ఆయనను రాక్షసుడనుకొని రాయలేదురా. మిగతా దొరల్ని చంపాక జనం కేకలు వేస్తారు. ఇతణ్ణి చంపాక ఊరుకుంటారు. ఆట ముగించి మా నాయనకు ఫోన్ చేశాను అని ఎవరో రాశారు. ఆ మాట నీకు చూపిద్దామనుకున్నాను, ఎంత బుద్ధిలేనివాణ్ణో చూడు.

కథ నాదే అయినా ఆట కంపెనీది. శివకుమార్ కాళ్లావేళ్లా పడతాను. ఈలోగా ఒకసారి గద్వాల వస్తాను. బస్సెక్కితే ఎంతసేపు? కాక ముందు కూర్చోవాలని ఉంది. తలుపు తీస్తావు కదూ?

ఎప్పటిలాగే నీవాడు,
ఉమేష్

*

గద్వాల,
జూన్ 28.

ఉమేష్,

రాకు. నిన్ను చూస్తే నాయన సంతోషపడతాడు, అది నేను చూడలేను.

నీకో సంగతి చెప్పాలి. ఆయన ఇప్పుడు రోజూ ఆ దొరనే అడుగుతున్నాడు. షాపు మూసి రాగానే, "మల్ల ఆ నీళ్ల కోటకు పో" అంటాడు. అయిపోయింది నాయినా అంటే, మొదటి నుంచి పెట్టమంటాడు. చంపే దాకా పోనివ్వడు. దొర కూర్చొని ఉన్నచోట ఆపమంటాడు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకొని, దగ్గు వచ్చినా ఆపుకొని, రెప్ప వెయ్యకుండా చూస్తాడు. ఆయనకు తెలిసిపోయింది. ఎవరు రాశారో కూడా తెలిసే ఉంటుంది, నీ పేరు మాత్రం ఎత్తడు.

నిన్న ఒక మాట అడిగాడు. "వాని పెండ్లాం ఏమైంది?" అన్నాడు. కథలో పెండ్లాం లేదు నాయినా అన్నాను. తల అటు తిప్పుకున్నాడు.

నువ్వు మా ఇంట్లో ఎన్నో సార్లు తిన్నావు. అమ్మ నాయనతో కలిసి కూర్చొని తినడం ఎప్పుడైనా చూశావా? అక్క పోయినప్పటి నుంచి అంతే. పళ్లెం పెడుతుంది, నీళ్లు పెడుతుంది, లోపలికి పోతుంది. ఒక్కనాడు తిట్టలేదు, ఒక్కనాడు ఎదురుగా కూర్చోలేదు. ఇప్పుడు మందులు కూడా అట్లాగే ఇస్తుంది, వేళ తప్పదు, ఒక్క మాట ఉండదు. ఆమె ఇంతవరకు ఫోన్ వైపు చూడలేదు. చూసిన రోజు మా ఇంట్లో ఏమవుతుందో ఆలోచించడానికే భయంగా ఉంది. నీ శివకుమార్‌తో తొందరగా తేల్చు.

హైదర్

*

వనపర్తి,
జూలై 21.

ప్రియమైన హైదర్,

సాధించాను. ఉద్యోగం మానేస్తానని బెదిరిస్తే తప్ప శివకుమార్ దారికి రాలేదు. మానేస్తే ఏం తినేవాణ్ణో అడక్కు.

కొత్త కథ ఇది. దొర చెయ్యి వదల్లేదు. వరద లాగేసింది, వేళ్లు జారిపోయాయి. 'ఎందుకు వదిలావు?' అని అడిగితే ఇప్పుడు అతడు జవాబు చెప్తాడు. 'నేను వదల్లేదు, జారిపోయింది' అంటాడు. ఆ మాట అన్నాక పిడికిలి తెరుచుకుంటుంది. అతణ్ణి చంపక్కర్లేదు, కోట తలుపు తానే తీసి ముందుకు పంపుతాడు. రక్కసి దొరల్లో చావకుండా మిగిలేది ఇతడొక్కడే. కాక అడిగిన ప్రశ్నకు కూడా జవాబు రాశాను. దొర పెండ్లాం కోట బయట మెట్ల మీద అన్నం పెట్టుకొని కూర్చొని ఉంటుంది. అతడు బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చుంటాడు.

ఆగస్టు చివర ఈ మార్పు అందరి ఫోన్లలోకి వెళ్తుంది. అంతవరకు కాకను ఓపిక పట్టమను. ఆయనకు ఆ చివరి దృశ్యం నేనే పక్కన కూర్చొని చూపించాలని ఉంది. ఇప్పుడైనా రమ్మంటావా? ఒక్క ముక్క రాయి, లేదా ఆ నంబరు బ్లాకు తీసెయ్యి.

నీ క్షమకు ఎదురుచూస్తూ,
ఉమేష్

*

గద్వాల,
ఆగస్టు 19.

ఒరేయ్ ఉమేష్,

నీ ఉత్తరం వచ్చేసరికి నాయన లేడురా.

నీకు కబురు చెయ్యలేదు, తిట్టుకో. మట్టి ఇచ్చి ఇంటికి వచ్చిన రోజు నీ ఉత్తరం గడపలో ఉంది. చదివి షాపుకు పోయి, షట్టర్ దించుకొని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో చెప్తాను, నిదానంగా చదువు.

ఆయన పోవడానికి కొన్నాళ్ల ముందు, అమ్మ మందులకు బజారుకు వెళ్లినప్పుడు, మళ్లీ నీళ్ల కోటకు పొమ్మన్నాడు. దొర ముందు ఆపాను. అక్కడ ఏం రాసి ఉందో చదవమన్నాడు. ఆయనకు చదువు రాదు కదా, అన్నాళ్లూ బొమ్మలో ఆ నీళ్లూ ఆ పిడికిలీ చూసే పోల్చుకున్నాడు. 'ఎందుకు వదిలావు?' అని చదివాను. ఆయన ఫోన్ వైపే చూస్తూ జవాబు చెప్పాడు.

"నేను ఇడ్వలే. ఆమెనే ఇడిపిచ్చుకున్నది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మెల్లగా, దగ్గుకు దగ్గుకు మధ్య, అంతా చెప్పాడు. నీళ్లు ఆయన ఛాతీ దాకా వచ్చాయి. నేను వీపు మీద ఒంటి మీద తెలివి లేకుండా జారిపోతున్నాను. నన్ను పట్టుకోవడానికి ఆయనకు రెండో చెయ్యి కావాలి, అది అక్క చేతిలో ఉంది. అక్క అది చూసింది. "నాయినా, తమ్మున్ని పట్టుకో" అని, తన చెయ్యి గుంజుకుంది. ఆయన బలంగానే పట్టుకున్నాడట. పద్నాలుగేళ్ల పిల్ల, ఇంకో చేత్తో ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసిందట.

మరి అందరితో నేనే వదిలానని ఎందుకు చెప్పావు నాయినా అని అడిగాను. అక్క శవం దొరికిన రోజు సంగతి చెప్పాడు. వరదలో మమ్మల్ని ఎవరి మిద్దె మీది నుంచో ఎవరో చూశారట, ఆ పిల్లే చెయ్యి విదిలించుకున్నట్టు కనిపించిందన్నారు. మా చుట్టాల్లో ఒక పెద్దాయన, తన ప్రాణం తాను తీసుకున్నవాళ్లకు మట్టి ఇచ్చే ముందు చేసే జనాజా నమాజు ఉండదు కదా అని గొణిగాడు. నీళ్లలో మునిగి పోయినవాళ్లను మేము షహీదులంటాం, వాళ్లకు స్వర్గం ఉందంటాం. అట్లాంటి బిడ్డ నమాజు లేకుండా మట్టిలోకి పోతుందేమోనని మా నాయన వణికిపోయాడు. గుంపు మధ్యకు వెళ్లి, ఇద్దర్ని మోయలేక నేనే వదిలాను అన్నాడు. అందరూ ఆయనను చూసి తల తిప్పుకున్నారు. నమాజు మాత్రం జరిగింది. అమ్మ కూడా ఆ మాట అక్కడే విన్నది.

మొన్న నేను మసీదులో నమాజు చేయించే పేష్ఇమామ్‌ను అడిగాను, ఎవరి సంగతో అన్నట్టు. ఇంకొకరిని బతికించడానికి చెయ్యి వదిలితే అది ఆత్మహత్య ఎట్లా అవుతుంది, ఆ పిల్లకు నమాజు ఉంది, ఏ అనుమానమూ లేదు అన్నాడు. చాయ్ తాగుతూ తాగుతూ చెప్పాడురా. మా నాయన పదహారేళ్లలో ఎవరినైనా ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది. కానీ అడగాలంటే ముందు జరిగింది చెప్పాలి కదా, అదే ఆయనకు భయం.

అమ్మకు చెప్తాను నాయినా అన్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు. "మీ అమ్మకు చెప్పకు బిడ్డా. గిన్నేండ్లు నా మీద కోపంతోనే బతికింది. గా కోపం గుంజుకుంటే ఆమెకు ఏం మిగుల్తది? బిడ్డనే చెయ్యి ఇడిపిచ్చుకున్నదని తెలిస్తే తట్టుకోదు" అన్నాడు. కాసేపటికి ఫోన్ చూపించి, "వాన్ని గట్లనే ఉండనియ్యి. మార్చమన్నవంట గదా, వద్దని చెప్పు" అన్నాడు. నేను నీకు రాసింది ఆయనకెట్లా తెలిసిందో నాకు తెలియదు. రాస్తుంటే చూసి ఉంటాడు. నేను ఉత్తరాలు రాసే మనిషిని కానని ఆయనకు తెలుసు, ఎవరికి రాస్తానో కూడా తెలుసు.

కాబట్టి ఆ మార్పు ఆపు. ఇంకోసారి ఉద్యోగం మానేస్తానని బెదిరించు. చెయ్యి జారిందని రాస్తే, అలంపురం వాళ్లెవరైనా చూస్తే, ఆ పిల్లే విడిపించుకుందేమో అని మళ్లీ మొదలుపెడతారు. వదిలింది తండ్రే అని ఉండాలి. అతడు పలకకూడదు. జనం చంపనీ, ఆ చెయ్యి పట్టుకొని పోనీ. ఆయన ఒప్పుకున్నాడు, మధ్యలో నువ్వూ నేనూ ఎవరం?

ఇది ఎక్కడా రాయకు ఉమేష్. నీకు కూడా చెప్పకూడదనే అనుకున్నాను. ఆయన పదహారేళ్లు మోశాడు, నాకు నెల కూడా చేతకాలేదు. అక్క వేళ్లు విడదీసింది నా కోసం అని తెలిశాక నిద్ర పట్టడం లేదు. ఎవరితోనైనా అనాలి, నువ్వు తప్ప నాకు ఎవరున్నారు చెప్పు. నీ మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే గుర్తు లేదు. వచ్చే నెల మొదట్లో నలభయ్యో రోజు చేస్తాం, ముందురోజే వచ్చి ఉండు. నంబరు బ్లాకు తీసేశాను.

నిన్న అమ్మ ఆయన మంచం ఎత్తించి గోడకు నిలబెట్టించింది. పక్కబట్టలు మడత పెడుతూ నా వైపు చూడకుండా, "మీ నాయిన పోయే ముంగట ఏమన్న చెప్పిండా?" అని అడిగింది. ఏమీ చెప్పలేదమ్మా అన్నాను. మడత పెట్టిన దుప్పటిని విప్పి మళ్లీ మడత పెట్టింది.

"ఏం మొకం పెట్టుకొని చెప్తడు" అని, బట్టలు తీసుకొని లోపలికి పోయింది.

నీ,
హైదర్