కప్పకుండా వదిలిన బస్తా

డుంబ్రిగుడ, 12-2-1999

దొయిమతికి, ఇక్కడ అమ్మా నేనూ మేకలూ బాగున్నాం.

సాలూరు ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టిందని మీ అన్న కబురు పంపాడు. పుట్టిన పిల్ల కళ్లెత్తితే ఎరువు బస్తాలు కనపడకూడదని నువ్వు వెళ్తూ అన్నావు కదా! పెంకుల కింద కట్టిన ఆ పాత బస్తాలు నిన్న దించబోయాను. అమ్మ నిచ్చెన పట్టుకుని ఆపేసింది. "పైన సామ ఇత్తనాలున్నాయిరా. ఇత్తనాల పండగ అవ్వకుండా కదిపేత్తావేటి?" అంది. అందుకని బస్తాలు అలాగే ఉంచి, వాటి కింద సంతలో కొన్న వెదురు చాపలు కట్టాను. చూడ్డానికి ఇల్లు కొత్తగా ఉంది.

పిల్లకు పాలు చాలుతున్నాయా? ఉయ్యాలకు కట్టే మెత్తటి చీర ఎక్కడ పెట్టావు? నువ్వు చలిలో తిరగకు. బిడ్డకు అమ్మ దీవెనలు, మీ అన్నకు దండాలు.

మన పడకకు సరిగ్గా పైనున్న బస్తాను మాత్రం కప్పలేదు, కోప్పడకు. నువ్వు పడుకుని వేలు చూపిస్తూ నాకు అక్షరాలు నేర్పింది దాని మీద అచ్చేసిన రాతలోనే. ఈ కార్డులో తప్పులుంటే వచ్చాక మళ్లీ అక్కడే చూపించి దిద్దాలి కదా.

సుక్రు