బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి

మంగా,

కంటి డాక్టరు రమ్మన్న టెర్మిన్ ఇవాళే, చూపించుకోడానికి అబ్బాయితో వెళ్తున్నాను. నువ్వు లేవకముందే ఇద్దరం బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి పరిచాం. కాలు జారదు, నీళ్లు నిలవవు, కోసే పనీ లేదు. అచ్చం నిజం గడ్డే అనుకుని మన ఊరి ఎర్రావు విమానమెక్కి వచ్చింది. ఒక పరక నమిలి నన్ను నానా తిట్లూ తిట్టిపోయింది.

నువ్వు మాత్రం కళ్లాపి చల్లకు మహాతల్లీ. పోయిన వారం బాల్కనీయే వాకిలంటూ చల్లిన నీళ్లే కదా, గాజుపలకలా గడ్డకట్టి నిన్ను పడేశాయి! ముగ్గు గుమ్మం లోపలే పెట్టుకో. మూతి ముడుచుకుంటే ముడుచుకో, సాయంత్రం తిట్టు, వింటాను.

మరిచాను. గడ్డి ఉంది కదా అని ధీమాగా వెళ్లకు, గోడ పట్టుకునే నడువు. నువ్వు పడ్డ చప్పుడు నాకింకా నిద్రలో వినబడుతోంది.