ముట్టుకోకూడని బండి

ఆగస్టు 26, సోమవారం

అన్యాయం జరిగింది. చేసినవాడి పేరు ఓర్వార్. రేక్యావిక్‌లో మాకు బండి అమ్మిన కంపెనీలో సర్వీస్ మేనేజర్. గోళ్ళలో గ్రీజు లేని మనిషి.

మా రెస్క్యూ దళం ఈ ఫోర్‌వీల్ బండి కొని అయిదు నెలలైంది. మూడు డిసెంబర్లు వరసగా ఊరికి కొత్త సంవత్సరం టపాకాయలు అమ్మి కొన్నాం. మూడేళ్ళ వారంటీ. పోయిన సోమవారం వెనక యాక్సిల్ మూలగడం మొదలుపెట్టింది. గురువారానికి అరుపులు. స్టేనర్ కిందికి దూరి బోల్టు విప్పితే నూనె రాలేదు, పాలు పోసిన కాఫీ వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుగా దళం బళ్ళన్నీ చూసుకునేది స్టేనరే. వేలితో ముట్టుకుని, వాసన చూసి, నీళ్ళు అన్నాడు. అంతకంటే ఎక్కువ మాటలు అతని దగ్గర మామూలుగానే దొరకవు.

ఇవాళ ఓర్వార్ జవాబు వచ్చింది. బండి కంప్యూటర్లో రాసి ఉందట, మేం టైర్లలో గాలి దాదాపు లేకుండా నడిపామట. అది దుర్వినియోగమట. కాబట్టి వారంటీ వర్తించదట.

మంచు ఎక్కే ముందు, నల్ల ఇసుకలోకి దిగే ముందు టైర్లు మెత్తబడేదాకా గాలి వదలనివాడు ఈ దేశంలో ఉన్నాడా? ఓర్వార్ వాళ్ళ నాన్న వదల్లేదా? వాళ్ళ అమ్మ వదల్లేదా?

అయినా టైర్లో గాలి తగ్గితే యాక్సిల్లోకి నీళ్ళు ఎలా వస్తాయి? ఇది దెబ్బలాటకి అడగడం కాదు. నిజంగా తెలుసుకోవాలని ఉంది. దెబ్బలాటకి కూడా.

ఆగస్టు 28, బుధవారం

ఈ పోట్లాట ఎవరికోసమో రాసిపెట్టుకోవాలి. కోపంలో మర్చిపోతున్నాను.

సున్నేవా కోసం. ఏటికి అవతల ఒక్కతే ఉంటుంది, రెండొందల నలభై గొర్రెలతో. మూత్రపిండాలు పోయాయి. సోమ, బుధ, శుక్రవారాలు ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకోవాలి. జూలై వరదలో వంతెన కొట్టుకుపోయింది, కొత్తది వచ్చే వేసవికి. అప్పట్నుంచీ మా దళమే బండిని ఏటిలో దింపి ఆమెను తీసుకెళ్ళి తీసుకొస్తోంది. ఇప్పుడు పక్క లోయ దళం తమ పాత బండి ఇచ్చింది. సెప్టెంబర్ 15 ఆదివారం తిరిగి ఇచ్చెయ్యాలి. వాళ్ళకీ చలికాలం వస్తోంది కదా.

ఇవాళ నేను తోలాను. ఓర్వార్ ఉత్తరం చదివి వినిపిస్తే సున్నేవా సీటు మీద ఎగిరెగిరి నవ్వింది. అతనికి నా పొట్టేళ్ళని వారంటీ మీద అమ్ముతానే స్వాలా, కుంటితే నువ్వు గడ్డి ఎడమచేత్తో పెట్టావు పొమ్మంటాను అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ మామూలు గొంతుతో ఇంకో మాట చెప్పింది. కబేళాకి పంపే జాబితా సెప్టెంబర్ 14 శనివారం మధ్యాహ్నం పన్నెండులోపు ఫోన్లో చదవాలట. బండి ఉంటే ఏటేటా పంపినట్టు ఈ ఏటి గొర్రెపిల్లల్ని మాత్రం పంపుతుంది. లేకపోతే ఆసుపత్రి పక్కన గది అద్దెకి తీసుకోవాలి. గదిలో గొర్రెలు పట్టవు. అప్పుడు అన్నిటినీ పంపాలి.

అన్నీ అంటే ఎన్ని అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న.

అన్నీ అంటే అన్నీనే పిచ్చిపిల్లా అంది.

ఆగస్టు 29, గురువారం

ఓర్వార్‌కి నాలుగు పేజీలు రాశాను. లైబ్రరీవాళ్ళు బయట పెట్టేసిన పెట్టెలో దొరికిన వినియోగదారుల కరపత్రాలు పదకొండు ఉన్నాయి నా దగ్గర. నా కాలేజీ అదే. ప్రతి పేజీలోనూ ఒకదాన్ని ఉదహరించాను. కొనేవాడి హక్కు పుట్టుహక్కు అని ముగించాను.

సాయంత్రం అతనే ఫోన్ చేశాడు. టైర్ల మాట వదిలేశాడు! ఇప్పుడు ఏరు లోతట. ఎనభై సెంటీమీటర్లకు మించి దిగకూడదని పుస్తకంలో ఉందట. నువ్వు మా ఏటిని చూశావా అన్నాను. చూడనక్కర్లేదు, నీళ్ళు లోపలికి వెళ్ళాయంటే లోతని అర్థం అన్నాడు. నీ తలలోకి ఏమీ వెళ్ళలేదంటే అది ఎంత లోతని అర్థం అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. అనకుండా ఉండాల్సింది. కానీ బాగా అన్నాను.

సెప్టెంబర్ 1, ఆదివారం

స్టేనర్, నేను ఏరు దాటే రేవుకి వెళ్ళాం. నడుముకి తాడు కట్టుకుని, కర్రకి సెంటీమీటర్ల గీతలు గీసి, ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా కొలిచాను. ఎక్కువలో ఎక్కువ అరవై రెండు. నీళ్ళు హిమానీనదం కింది నుంచి తిన్నగా వస్తాయి. మోకాళ్ళ కింద కాళ్ళు ఉన్నాయో లేదో చూసుకోవాల్సి వచ్చింది. ఫొటోలతో సహా పంపాను.

సెప్టెంబర్ 3, మంగళవారం

జవాబు ఒకటే వాక్యం. హిమానీ ఏటి లోతు గంటగంటకీ మారుతుంది, మీరు తగ్గినప్పుడు కొలిచారు.

నిజమే. ఎండ కాస్తే సాయంత్రానికి పిక్కలదాకా ఉన్నది తొడలదాకా లేస్తుంది. అందుకే మేం పొద్దున్నే దాటి, నీళ్ళు లేచేలోపే ఆమెను తిరిగి దింపేస్తాం, కానీ అది ఎలా రుజువు చెయ్యను? ఓర్వార్ మాటల్లో ఇది మొదటి నిజం. నిజం కాబట్టి ఇంకా మండింది.

సెప్టెంబర్ 4, బుధవారం, టీ విరామం

నేను పనిచేసే చేపల ఫ్యాక్టరీలో గ్లవ్స్ ఇంకా విప్పలేదు, ఫోన్ మోగింది. దీసా అట. ఓర్వార్ కింద వర్క్‌షాప్‌లో మెకానిక్, ఉత్తరాన ఏదో దళంలో సభ్యురాలు. నేను ఫోన్ చేసినట్టు ఎవరికీ చెప్పకు అంది. మళ్ళీ తనే, చెప్తే చెప్పుకో, నాకేం అంది.

రేవుకి ముందు కంకర రోడ్డు ఎంత అని అడిగింది. నలభై కిలోమీటర్లు అన్నాను. ఎంత స్పీడు? సున్నేవా ఫోన్లో ఎంత ఆత్రపెడితే అంత. గట్టు మీద కాసేపు ఆగి దిగుతారా? ఎందుకు ఆగుతాం, ఆసుపత్రికి టైమవుతుంది కదా అన్నాను. దీసా ఈల వేసింది. ఒక గాజు సీసా తీసుకో, వేడినీళ్ళు పోసి కడిగి పారబోసెయ్, వెంటనే బోర్లించి చన్నీళ్ళలో మూతి ముంచు, తర్వాత నీకే తెలుస్తుంది అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

అదే రోజు, అయిదింటికి

చేశాను. విరామం గదిలో, అందరి ముందూ. సీసా బోర్లించిన కాసేపటికి నీళ్ళు మెల్లగా పైకి ఎక్కాయి. ఎవరూ తొయ్యకుండా, వాటంతట అవే. లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు వస్తాయి. అయిదుసార్లు చేశాను. ఆరోసారి ప్లాస్టిక్ సీసా అడుగున మేకుతో బెజ్జం పెట్టి చేశాను. చుక్క ఎక్కలేదు! బెజ్జంలోంచి గాలే వచ్చేస్తుంది, ఇక నీళ్ళకి పనేముంది?

ఫోర్‌మన్ వచ్చి ఇది చేపల ఫ్యాక్టరీయా బడా అన్నాడు. నువ్వూ ఒకసారి చెయ్యి అన్నాను. మూడుసార్లు చేశాడు.

నలభై కిలోమీటర్లు పరిగెత్తి కాగిపోయిన యాక్సిల్. కరిగిన మంచునీళ్ళు. అదే సీసా!

సెప్టెంబర్ 5, గురువారం

సాయంత్రం స్టేనర్‌ని గ్యారేజీకి లాక్కెళ్ళాను. బండి కింద ఇద్దరం వెల్లకిలా పడుకున్నాం. యాక్సిల్ మీద బొటనవేలంత గొట్టం, దాని మీద చిన్న మూత. గాలి ఆడేది దాంట్లోంచేనట. స్టేనర్ ఊడదీసి నాకిచ్చాడు. ఒకవైపు నుంచి ఊదితే గాలి వెళ్తోంది. పీలిస్తే రావడం లేదు. మళ్ళీ ఊదాను, మళ్ళీ పీల్చాను. వేడిగాలి బయటికి పోతుంది, చల్లబడ్డాక లోపలికి గాలి రాదు. బెజ్జం లేని సీసా. అప్పుడు యాక్సిల్ ఏం చేస్తుంది? చక్రాల దగ్గరి రబ్బరు సీళ్ళ సందుల్లోంచి ఏటిని పీల్చుకుంటుంది.

స్టేనర్ అప్పుడు మాట్లాడాడు, ఈ ఏడాది మొత్తానికి సరిపడా. మన దళానికి వచ్చిన ఏ బండికైనా మొదటి రోజు సాయంత్రమే ఈ మూత పీకి పారేసి, మూడు గజాల రబ్బరు గొట్టం తొడిగి, దాని రెండో కొసని బండి పైకప్పుదాకా ఎక్కిస్తాను అన్నాడు. మా నాన్న కూడా అంతే, పది నిమిషాల పని అన్నాడు.

మరి దీనికి ఎందుకు చెయ్యలేదు అని అరిచాను.

అతను నా వైపు చూసి, పైన యాక్సిల్ వైపు చూశాడు. తర్వాత స్టీరింగ్ ఉన్న వైపు వేలు చూపించాడు. బయటికి పాక్కుంటూ వచ్చి తలుపు తీశాను. స్టీరింగ్ పక్కన నా చేతిరాతతో కాగితం. దేన్నీ ముట్టుకోవద్దు. ముట్టుకుంటే వారంటీ పోతుంది. మూడేళ్ళు. ఇది మన హక్కు.

సెప్టెంబర్ 6, శుక్రవారం

హక్కు కింద రెండు గీతలు కూడా గీశాను.

సెప్టెంబర్ 7, శనివారం

కొండ మీది గొర్రెలు దిగాయి. చుట్టుపక్కల లోయలన్నీ మా దొడ్డి దగ్గరే. వేసవంతా కలిసి మేసినవాటిని చెవుల మీద యజమానుల గుర్తు కోతలు చూసి ఎవరివి వాళ్ళ దడిలోకి ఈడ్చాలి. ప్రతి దళం నుంచీ మనుషులు వచ్చారు కాబట్టి గొర్రె కొమ్ములు పట్టుకుని ఈడుస్తూనే ఒక్కొక్కర్నీ అడిగాను. ఇదే మోడల్ బండి మాది కాక ఇంకో అయిదు దళాల దగ్గర ఉందట. నూనె ఏ రంగులో ఉంది?

మధ్యాహ్నానికి అందరూ ఇళ్ళకి ఫోన్లు చేశారు. బోల్టులు విప్పించారు. మూడు బళ్ళలో కాఫీ. ఆ మూడూ వారంటీ భయంతో ఎవరూ చెయ్యి పెట్టనివి. రెండింటిలో నూనె తేనెలా ఉంది. ఆ రెండింటికీ స్టేనర్‌లాంటి మొండిఘటం ఎవరో పుస్తకం తెరవకుండానే గొట్టం తొడిగేశారు.

వారంటీకి తలొంచిన బండి పోయింది. లెక్కచెయ్యనిది బతికింది. దీనిమీద ఏ కరపత్రమూ లేదు. వెతికాను.

సున్నేవా దడి గోడ మీద కూర్చుని తన గొర్రెల్ని చూసుకుంటోంది. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు కాబట్టి ముఖంలో కాస్త రంగు ఉంది. వెళ్ళి కాగితం సంగతి చెప్పేశాను. నా వల్లే అన్నాను. బూట్లో దూరిన గడ్డి తీసుకుంటూ వింది. ముట్టుకోవద్దని ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల రాస్తే అంతమంది గడ్డాలవాళ్ళు చేతులు జేబుల్లో పెట్టుకున్నారా, ముందు వాళ్ళని పంపాలి కబేళాకి అంది. నేను ఏడ్చాను. ఏడిస్తే ఏడువు కానీ ఆ నల్లమొహంది నాది, పక్క దడిలో దూరింది, పట్టుకురా అంది.

సెప్టెంబర్ 9, సోమవారం

ఓర్వార్‌కి ఫోన్ చేశాను. ఈసారి అరవలేదు. అతని తల గురించి అన్న మాటకి ముందు క్షమాపణ చెప్పాను. సీసా, మూత, ఆరు బళ్ళు, అన్నీ వరసగా చెప్పాను. స్టేనర్ గొట్టం తొడగకపోవడానికి కారణం నేనే అని కూడా చెప్పాను. అది చెప్తే మాకు నష్టమేమో తెలియదు. కానీ దాచిపెట్టి అడిగేది హక్కు కాదు.

 అవతల కుళాయి చప్పుడు. ఏదో గ్లాసు టకటకలాడింది. చాలాసేపటికి, అరె, ఎక్కుతోంది అన్నాడు! ఇంకోసారి చెయ్యి అన్నాను. చేస్తున్నా ఉండు అన్నాడు.

అయినా ఒప్పుకోలేదు. గ్లాసు చూసి పై ఆఫీసుకి రాయలేను, వాళ్ళు నవ్వుతారు, బండి నీళ్ళు తాగుతుంటే నా కళ్ళతో నేను చూడాలి అన్నాడు. చూస్తే వారంటీ మీద కొత్త యాక్సిల్‌కి సంతకం పెడతావా అన్నాను. చూస్తే పెట్టక చస్తానా అన్నాడు. ఎప్పుడు, ఎక్కడ అని అతనే అడిగాడు. ఆ గొంతు మేనేజర్ది కాదు. విరామం గదిలో సీసా చుట్టూ మూగినవాళ్ళది.

దీసాకి చెప్పాను. కొత్త యాక్సిల్ గోదాములో పెట్టెలో ఉందట. సంతకం పడితే మధ్యాహ్నం మొదలుపెట్టి సాయంత్రానికి బిగించేస్తుందట. ట్రక్కులో వేసుకుని తనే వస్తానంది. సంతకం పడకపోతే అని నేను అనబోతే, అప్పుడు పెట్టె మళ్ళీ మోసుకెళ్తాను, నా నడుం గురించి నువ్వు బెంగపడకు అంది.

సెప్టెంబర్ 11, బుధవారం

సున్నేవాని దింపాను. వంటింటి బల్ల మీద రెండు జాబితాలు. ఒకటి అర పేజీ. రెండోది నాలుగు పేజీలు, అందులో పేర్లు కూడా రాసింది. గొర్రెలకి పేర్లున్నాయని నాకు తెలుసు. అన్నిటికీ ఉన్నాయని తెలియదు.

కాఫీ పోసింది. మూత్రపిండాల వల్ల తనకి అరకప్పు మించి పనికిరాదు. మిగతా సగం నా కప్పులో వంచింది. 

సెప్టెంబర్ 12, గురువారం

ఆరు దళాలకీ పంపాను. దుకాణం తలుపు మీద అంటించాను. ఇక్కడా రాస్తున్నాను.

శనివారం పొద్దున పదింటికి, కొట్టుకుపోయిన వంతెన పక్క రేవులో. ఈ మోడల్ బండి ఉన్న ప్రతి దళమూ రావాలి. నడవలేనిదాని బదులు మనుషులు రండి. గొట్టం తొడిగినవీ కావాలి, తొడగనివీ కావాలి. కొత్త నూనె పోసి, నలభై కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా వేడిగా రండి. పది నిమిషాలు ఏటిలో నిలబెట్టి, గట్టెక్కించి, అందరి ముందూ నూనె దింపుతాం. నూనె పట్టి చూపడానికి గాజు సీసాలు తెండి. జామ్ ఉంటే తినేసి తెండి. ఓర్వార్ వస్తున్నాడు. అతన్ని ఎవరూ నీళ్ళలోకి తొయ్యకూడదు.

పన్నెండులోపు సున్నేవా కబేళాకి ఫోన్ చేసి, రెండు జాబితాల్లో ఒకటి చదువుతుంది. పదింటికి రండి.