బిగించిన మూతలు

మాలతీ, నేను బాగానే ఉన్నాను, రంధి పెట్టుకోకు.

మా గదిలోని హన్మాండ్లన్న ఆపిల్ రసంలో చక్కెర, ఈస్టు కలిపి పాత కూల్‌డ్రింక్ సీసాల్లో దొంగచాటుగా మందు కోసం పులియబెట్టేవాడు. గ్యాస్ పోవాలని మూతలు వదులుగా ఉంచేవాడు. లేబర్ క్యాంపులో తనిఖీ అన్నారని, వాసన రాకుండా నేనే గట్టిగా బిగించాను. మర్నాడు తనిఖీవాళ్లు గదిలో ఉండగానే రెండు సీసాలు పేలాయి.

"సీసాలు నావే సార్, తమ్మునికేం తెల్వది" అన్నాడు అన్న. కంపెనీ ఆయన్ని ఇంటికి పంపేస్తోంది. ఈ కార్డు ఆయన చేతికే ఇస్తున్నాను.

పాపకు దగ్గు తగ్గిందా? మోటారు బాగుచేయించావా? అన్నకు కడుపునిండా అన్నం పెట్టు. మూతలు తానే బిగించి మరిచాననుకుని ఇంకా తిట్టుకుంటున్నాడు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనకు చదువు రాదు. ఇది నువ్వే చదివి వినిపించు.

గంగాప్రసాద్, దోహా