చిల్లులేని పొర

ఫిబ్రవరి 3, సోమవారం
ఈ రోజు నుంచి రోజుకో పొర. సాకులు లేవు.
గోబర్ గ్యాసులో సగానికి దగ్గరగా బొగ్గుపులుసు వాయువే. అందుకే మంట నీరసం. ప్లాస్టిక్ ద్రావణంలో పింగాణీ లాంటి పొడి కలిపి, గాజు పలక మీద పలచగా పోసి ఆరనిస్తే పొర. అది బొగ్గుపులుసును దాటనివ్వాలి, మండే గ్యాసును ఆపాలి. నా పీహెచ్‌డీ అంతా ఇంతే. ఐదేళ్లుగా ఇంతే.
పదహారున గైడు రాధాకృష్ణమూర్తి గారు మా ఇంటికే వచ్చి చూస్తారు. పనిచేసే పొర ఒక్కటి చూపించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అది పోతే కాలేజీలో ఉద్యోగమూ పోతుంది.
మొదటి పొర పోశాను. నిగనిగలాడుతోంది.
"అప్పడాల పిండి మరీ జారైందండీ," అంది బిందుమాధవి. నా భార్యకు సైన్సంటే గౌరవం తక్కువ.

ఫిబ్రవరి 4
పొర నిండా పత్తి నూగు. పక్కనే జిన్నింగు మిల్లు. నూగు తీసిన చోటల్లా చిల్లు. తప్పు మిల్లుది. కిటికీలు మూసి రెండోది పోశాను.

ఫిబ్రవరి 6
నిన్న పోయలేదు. కాలేజీలో 'పరిశోధనలో క్రమశిక్షణ' మీద మాట్లాడమన్నారు. బాగా వచ్చింది. చప్పట్లు.
రెండోది ఇంకా తడి. నీడలో నెమ్మదిగా ఆరాలని నా నోట్సులోనే ఉంది. అంత ఓపిక ఎవరికి? డాబా మీద మిరపకాయల పక్కన పెట్టాను. ఊళ్లో అన్నీ ఎండేది అక్కడే.

ఫిబ్రవరి 7
బుడగలు లేచి పగిలింది. పైగా ఘాటు. పరీక్ష మధ్యలో తుమ్ములు.
"తాలింపుకైనా పనికొస్తుందేమో ఇటివ్వండి," అంది బిందుమాధవి.

ఫిబ్రవరి 11
ఒంగోల్లో పెళ్లి. శుభకార్యాలప్పుడు పరిశోధన చెయ్యకూడదు. నియమమేమీ లేదు. అయినా చెయ్యకూడదు.

ఫిబ్రవరి 14
మూడో పొర. నూగు లేదు, బుడగ లేదు. ఒక పక్క గ్యాసు పెట్టి, రెండో పక్క నుంచి ట్యూబును నీళ్ల గ్లాసులో ముంచాను. అన్నం ఉడికినట్టు బుడగలు. అంటే అన్నీ దాటుతున్నాయి. వెలుతురుకు పట్టి చూస్తే సూదిమొనంత చిల్లులు.
బావమరిది యలమంద డ్రిప్పు పైపులు అతికించే పని మీద వచ్చాడు.
"దీనికింత దిగులెందుకు బావా? పైపుల గమ్ముంది. ఎంత లీకైనా ఆగుద్ది."
"ఇది పైపు కాదురా."
"గాలి కారుతుందా, లేదా?"
"కారుతుంది."
"మరింకేంటి?"
వాదన బలంగానే ఉంది. చిల్లుల మీద గమ్ము రాశాను. మిగిలింది వృథా ఎందుకని పొరంతా రాశాను.

ఫిబ్రవరి 16, ఆదివారం
గైడు గారు వచ్చారు. గ్యాసు వదిలాను. గ్లాసులో ఒక్క బుడగ లేదు.
"చిల్లే లేదు సార్."
"బొగ్గుపులుసన్నా రావాలి కదయ్యా. అదేదీ?"
ఒత్తిడి పెంచాను. ట్యూబు ఊడింది. పేడ కంపు నేరుగా ఆయన కాఫీ మీదికి వెళ్లింది. ఆయన పొరను గోటితో గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆయనకూ పొలం ఉంది, బోరుంది.
"పైపుల గమ్మా?"
నేను ఊడిన ట్యూబును మళ్లీ తొడగసాగాను.
"ఐదేళ్లు అన్నీ దాటే పొర చూపించావు. ఇప్పుడు ఏదీ దాటని పొర చేశావు. ఈ రెంటి మధ్యలో ఉందయ్యా పీహెచ్‌డీ."
రద్దే అనుకున్నాను. జూన్ దాకా గడువిచ్చారు. ఆయన కింద మిగిలిన విద్యార్థి నేనొక్కడినేనట. నన్నూ తీసేస్తే ఆయన గైడు కారట.

ఫిబ్రవరి 17
మళ్లీ మొదలు. రోజుకో పొర. సాకులు లేవు.
బిందుమాధవి గాజు పలక కడిగి ముందు పెట్టింది.
"ఈ రోజుది ఎప్పుడండీ?"
రేపటిదానితో కలిపి పోస్తాను. కాస్త మందంగా వస్తుంది. మందంగా ఉంటే చిల్లులు పడవు.