మురికి నీళ్లే పంపండి

బావగారికి,

మీ రాగిపూత షెడ్డు నుంచి వచ్చిన క్యాను నీళ్లను మా ల్యాబులో తయారుచేసిన ప్లాస్టిక్ పొర గుండా ఎన్నిసార్లు వడకట్టానో. నీళ్లలోని రాగిని పట్టుకుని నీలంగా మారాల్సిన పొర తెల్లగానే ఉండిపోయింది. తప్పు పొరదేననుకుని, దానికి రసాయనాలు మార్చి మార్చి పూసి నా చేతులు పడిపోయాయి. ఈ పని ఇక ఆపేద్దామన్నారు మా ల్యాబు మేడమ్.

నిన్న అక్క ఫోన్లో నవ్వుతూ చెప్పింది: "ఆ మురికి చూస్తే అక్కడ నీ పరువు పోతుందని, మీ బావ కుళాయి నీళ్లు పట్టి పంపారే!"

నాకు నవ్వే ఓపిక కూడా లేదు బావగారూ. మురుగు శుభ్రం చేయకపోతే నెలాఖరుకి షెడ్డుకు తాళం వేస్తామని నోటీసొచ్చింది మీకే కదా! ఈసారి తొట్టి అడుగు నీళ్లు, ఉన్నవి ఉన్నట్టే పంపండి. నా పరువు సంగతి నేను చూసుకుంటాను.

మీ మరదలు